పాత గేమ్‌బాయ్ క్యాసెట్‌లోని మీ సేవ్‌ను కంప్యూటర్‌లోకి ఎలా తీసుకోవాలి

గేమ్‌బాయ్ అంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ మెషీన్. దాని పాత క్యాసెట్‌లో మనకు ముఖ్యమైన చిప్పులు రెండు. ఒకదాంట్లో గేమ్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఒక్కసారి రాసింది కాబట్టి అది మారదు, కరెంటు లేకపోయినా చెరగదు. అదే గేమ్ లక్షల క్యాసెట్లలో ఉంది. రెండో చిప్పు పేరు ఎస్‌ర్యామ్. మీరు పెట్టుకున్న పేరు, పట్టుకున్న పోకెమాన్‌లు, పదో తరగతి సెలవుల్లో ఎక్కడ ఆపేశారో ఆ చోటు, అన్నీ అందులోనే ఉంటాయి. ఈ సమాచారాన్నే సేవ్ అంటాం, దానికి ఇంకెక్కడా రెండో కాపీ లేదు.

ఎస్‌ర్యామ్‌కు కరెంటు ఆగితే అంతా పోతుంది. అందుకే దాని పక్కనే ఒక బటన్ సెల్ అతికించి ఉంటుంది. గేమ్‌బాయ్ ఆఫ్ చేసి అల్మారాలో పెట్టేసినా, ఆ సెల్ ఇచ్చే కాస్త కరెంటుతోనే మీ సేవ్ ఇన్నేళ్లుగా నిలబడి ఉంది. పోకెమాన్ రెడ్, బ్లూ అమెరికాలో 1998లో వచ్చాయి. గోల్డ్, సిల్వర్ జపాన్‌లో 1999లో, అమెరికాలో 2000లో వచ్చాయి. అంటే ఆ సెల్లుల వయసు పాతికేళ్లు. చాలావాటి పని ఇప్పటికే అయిపోయింది, మిగిలినవి ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేం.

మీ క్యాసెట్ ఇంకా పాత సేవ్ చూపిస్తుంటే ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి. పెద్ద ఖర్చేమీ లేదు, ఒక సాయంత్రం చాలు. ఒక్క నియమం మాత్రం మొదటి నుంచి చివరిదాకా గుర్తుపెట్టుకోండి: ముందు కాపీ, ఆ తర్వాతే ఏ రిపేరైనా. సెల్ వీక్ అయిందని ఎవరో చెప్పగానే క్యాసెట్ తెరిచి కొత్త సెల్ వేయించేస్తుంటారు. పాత సెల్ ఊడదీసిన క్షణంలోనే సేవ్ పోతుంది. కొత్త సెల్ వేసినా అది తిరిగి రాదు.

ముందు మీ క్యాసెట్ ఏ రకమో తేల్చుకోండి

అన్ని క్యాసెట్లకూ ఒకే తొందర లేదు. అన్నిటికంటే ముందు చూడాల్సినవి పోకెమాన్ గోల్డ్, సిల్వర్, క్రిస్టల్. వీటిలో గేమ్ లోపల పగలు, రాత్రి నడిపే గడియారం ఉంది. సేవ్‌ను కాపాడే సెల్లే ఆ గడియారాన్ని కూడా నడుపుతుంది. మనం ఆడినా ఆడకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సెల్ త్వరగా ఖాళీ అవుతుంది. అందుకే వీటికంటే ముందు వచ్చిన రెడ్, బ్లూలలో సేవ్ ఇంకా బతికి ఉండటం, గోల్డ్‌లో పోవడం తరచూ కనిపిస్తుంది.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ (జీబీఏ) క్యాసెట్ల సంగతి కొంచెం వేరు. పోకెమాన్ రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో కూడా సెల్ ఉంది, కానీ అది గడియారం కోసమే. సేవ్ ఫ్లాష్ చిప్పులో ఉంటుంది, దానికి సెల్‌తో పనిలేదు. లోపలి బ్యాటరీ అయిపోయిందని గేమ్ మొదట్లో మెసేజ్ వస్తే టెన్షన్ పడక్కర్లేదు. టైమ్‌ను బట్టి జరిగేవి ఆగుతాయి గానీ మీ ఆట భద్రంగానే ఉంటుంది. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లలో అసలు సెల్లే లేదు. అయితే జీబీఏలో కూడా సెల్ మీద ఆధారపడి సేవ్ ఉంచుకునే గేమ్‌లు కొన్ని ఉన్నాయి. మీది ఏ రకమో తెలియకపోతే ప్రమాదంలో ఉందనే అనుకుని మొదలుపెట్టండి.

మన ఊళ్లలో టీవీకి పెట్టి ఆడుకున్న "9999 ఇన్ 1" క్యాసెట్ల గురించి చాలామంది అడుగుతుంటారు. మామూలుగా వాటిలో సేవ్ సౌకర్యం ఉండేది కాదు. పవర్ తీస్తే మళ్లీ మొదటి నుంచి ఆడటమే. కాబట్టి వాటిలోంచి కాపీ చేయడానికి ఏమీ ఉండదు. మన దగ్గర గేమ్‌బాయ్ ఉన్న ఇళ్లలో ఎక్కువగా అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మామయ్యో బాబాయో తెచ్చినవే. అలాంటి ఇంట్లో క్యాసెట్ ఉంటే ఒక్కటి కాదు, మొత్తం డబ్బా వెతకండి. అక్క ఆడిన సేవ్ ఒక క్యాసెట్‌లో, తమ్ముడు ఆడింది ఇంకోదాంట్లో ఉంటాయి.

ఏం కావాలి

ముఖ్యమైనది క్యాసెట్ రీడర్. ఒకవైపు క్యాసెట్ పెట్టే స్లాటు, ఇంకోవైపు యూఎస్‌బీ ఉన్న చిన్న బోర్డు అది. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువ మంది వాడేది జీబీఎక్స్‌కార్ట్ ఆర్‌డబ్ల్యూ. ఆస్ట్రేలియాలోని ఇన్‌సైడ్‌గ్యాడ్జెట్స్ తయారు చేస్తుంది. ఎపిలోగ్ అనే కంపెనీ జీబీ ఆపరేటర్ కూడా ఉంది, చూడ్డానికి బాగుంటుంది, దానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండూ గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్, అడ్వాన్స్ క్యాసెట్లను చదువుతాయి. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ డ్యూటీ పడే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోండి. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది, రోజూ వాడే వస్తువు కాదు కదా.

కింద చెప్పే పద్ధతి జీబీఎక్స్‌కార్ట్‌కు, దానితో నడిచే ఫ్లాష్‌జీబీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఇవి కాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్లలు, ఒక యూఎస్‌బీ కేబుల్ కావాలి. కేబుల్ విషయంలో జాగ్రత్త. ఫోన్ ఛార్జర్లతో వచ్చే కేబుళ్లలో కొన్ని కరెంటు మాత్రమే పంపుతాయి, డేటా పంపవు. రీడర్ లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం దాన్ని గుర్తుపట్టదు. ఫోన్‌లోంచి ఫొటోలు కాపీ చేసుకున్న కేబుల్ ఏదో ఒకటి మీ దగ్గర ఉంటుంది, దాన్ని వాడండి.

కంప్యూటర్ దగ్గరికి వెళ్లే ముందు

గేమ్‌బాయ్ పనిచేస్తుంటే క్యాసెట్ పెట్టి ఆన్ చేయండి. మొదటి తెర మీద "కంటిన్యూ" అని వస్తే సేవ్ ఉన్నట్టే. ఫోన్‌తో ఆ తెర ఫొటో తీయండి. పేరు, బ్యాడ్జీలు, ఆడిన గంటలు స్పష్టంగా కనిపించాలి. లోపలికి వెళ్లి జట్టులో ఎవరెవరు ఉన్నారో అదీ తీయండి. తర్వాత కాపీ సరిగా వచ్చిందో లేదో పోల్చి చూసుకోవడానికి ఈ ఫొటోలే ఆధారం. చూడటం అయ్యాక మళ్లీ సేవ్ చేయకండి. ఊరికే ఆఫ్ చేసేయండి. ఆన్‌లో ఉండగా క్యాసెట్ లాగొద్దు. అలా లాగితే సేవ్ చెడిపోయే ప్రమాదం ఉంది.

తెర సరిగా రాకపోయినా, లోగో చెదిరిపోయినా కంగారుపడకండి. చాలాసార్లు తప్పు బంగారు రంగు పిన్నుల మీది మురికిది. చెవి పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, తడి కారకుండా పిండి, పిన్నుల పొడుగు వెంబడి పైకి కిందికి తుడవండి. పుల్ల నల్లబడుతుంది, మార్చండి. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. నోటితో ఊదడం అందరికీ అలవాటే, కానీ ఆ తేమతో పిన్నులు మెల్లగా తుప్పు పడతాయి. ఈ దశలో క్యాసెట్ తెరవాల్సిన అవసరం లేదు. లోపల స్క్రూడ్రైవర్ జారి సెల్ షార్ట్ అయితే చేయాల్సిన కాపీ చేయకముందే అంతా పోతుంది.

కాపీ తీయడం

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశాక, క్యాసెట్ లేకుండా ముందు రీడర్ ఒక్కదాన్నే కంప్యూటర్‌కు పెట్టండి. విండోస్ గుర్తుపట్టకపోతే సీహెచ్340 డ్రైవర్ వేయాలి. ఆ బోర్డు మీద ఉన్న యూఎస్‌బీ చిప్పు అది. లినక్స్ వాడేవాళ్లు తమ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చుకుని ఒకసారి లాగౌట్ అయి రావాలి. రీడర్ కనెక్ట్ అయిందని ఫ్లాష్‌జీబీఎక్స్ చూపించాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

ఇప్పుడు మోడ్. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ క్యాసెట్లు 5 వోల్టుల మీద నడుస్తాయి, అడ్వాన్స్ క్యాసెట్లు 3.3 వోల్టుల మీద. కొత్త రీడర్లలో మీరు సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న మోడ్‌ను బట్టి వోల్టేజీ అదే మారుతుంది. పాత బోర్డుల్లో చేతితో జరపాల్సిన చిన్న స్విచ్ ఉంటుంది. అడ్వాన్స్ క్యాసెట్‌కు 5 వోల్టులు వెళ్తే అది కాలిపోవచ్చు. కాబట్టి స్విచ్, మోడ్ రెండూ సరిచూసుకున్నాకే క్యాసెట్ పెట్టండి. లేబుల్ ఏ వైపు ఉండాలో బోర్డు మీద గుర్తు ఉంటుంది. అడ్డంగా ఊపుతూ కాకుండా నిటారుగా నొక్కండి.

క్యాసెట్ చదవగానే గేమ్ పేరు, సేవ్ రకం, లోగో సరిగా ఉందా, హెడర్ చెక్‌సమ్ (చదివింది సరిగా ఉందో లేదో సరిచూసే అంకె) సరిపోయిందా అన్నవి తెర మీద కనిపిస్తాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. గేమ్ పేరులో పిచ్చి అక్షరాలు వచ్చినా, చెక్‌సమ్ తప్పు అని వచ్చినా పిన్నులు సరిగా తగలడం లేదన్నమాట. ఆ స్థితిలో తీసిన సేవ్ కూడా నమ్మదగింది కాదు. క్యాసెట్ తీసి మళ్లీ తుడిచి పెట్టండి. అన్నీ సరిగా చూపించేదాకా ముందుకు వెళ్లకండి.

తర్వాత "బ్యాకప్ సేవ్ డేటా" నొక్కండి. అదే తెరలో సేవ్‌ను తిరిగి క్యాసెట్‌లోకి రాసే బటన్ కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే పాత సేవ్ మీద ఇంకేదో పడుతుంది. నొక్కే ముందు బటన్ మీద రాసింది గట్టిగా పైకి చదవండి. గోల్డ్, సిల్వర్ లాంటి వాటికి గడియారం సమయం కూడా కలిపి తీయాలా అని అడిగితే అవునని చెప్పండి. గేమ్‌బాయ్ సేవ్ కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది.

క్యాసెట్ తీయకుండానే రెండోసారి కూడా ఇంకో పేరుతో కాపీ తీయండి. ఆ తర్వాత క్యాసెట్ తీసి, మళ్లీ పెట్టి, మూడోది తీయండి. ఎందుకో కింద చెప్తాను. "బ్యాకప్ రోమ్" అని గేమ్‌ను కాపీ చేసే బటన్ కూడా ఉంటుంది, అదీ ఒకసారి చేసేయండి. రెడ్ అయితే 1 ఎంబీ, గోల్డ్ 2 ఎంబీ, రూబీ 16 ఎంబీ వస్తుంది. సేవ్‌ను కంప్యూటర్‌లో తెరిచి చూడాలంటే అది కావాలి. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 సొంత కాపీ ఉన్నవాళ్లకు పోకుండా, పాడవకుండా బ్యాకప్ తీసుకునే వీలు ఇస్తుంది. దాన్ని ఇంకొకరికి పంచడానికి మాత్రం ఆ వీలు వర్తించదు.

వచ్చిన ఫైల్ నిజమైనదేనా

ఎక్కువ మంది ఇక్కడే ఆపేస్తారు. ఫోల్డర్‌లో ఫైల్ కనిపించింది కదా, అయిపోయిందనుకుంటారు. కానీ పిన్ను తగలకపోయినా రీడర్ ఏదో ఒక ఫైల్ రాస్తుంది. అందులో మీ ఆట ఉందో ఉత్త చెత్త ఉందో చూసుకోవాలి.

మొదట సైజు. పోకెమాన్ రెడ్, బ్లూ, ఎల్లో, గోల్డ్, సిల్వర్, ఇంగ్లీష్ క్రిస్టల్ సేవ్‌లు 32,768 బైట్లు. గడియారం కలిపితే దానికి కొన్ని బైట్లు ఎక్కువ. చిన్న గేమ్‌లవి 8,192. అడ్వాన్స్ పోకెమాన్‌లవి 1,31,072. ఇంకొన్ని అడ్వాన్స్ గేమ్‌లవి 512 బైట్లు మాత్రమే. అంత చిన్నదేంటని అనుమానపడకండి, సేవ్ కోసం ఈఈప్రామ్ అనే చిన్న చిప్పు వాడిన గేమ్‌లకు అంతే ఉంటుంది.

రెండోది పోలిక. ఆ మూడు కాపీలూ అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కండి. ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటి పొడవాటి అంకెలు, అక్షరాల వరుస వస్తుంది. మూడింటికీ అదే వరుస వస్తే చదవడంలో తేడా లేనట్టే. క్యాసెట్ తీసి పెట్టి మూడోసారి తీయమన్నది ఇందుకే. ఏదైనా పిన్ను సరిగా తగలకపోతే మొదటి రెండుసార్లూ ఒకే తప్పు రావచ్చు. తీసి పెడితే ఆ తప్పు బయటపడుతుంది. గడియారం కలిపి తీస్తే మాత్రం సమయం మారుతుంది కాబట్టి చివరి కొన్ని బైట్లలో తేడా వస్తుంది. అలాంటి గేమ్‌లకు పోల్చడం కోసం గడియారం లేకుండా ఇదే పద్ధతిలో ఇంకో మూడు కాపీలు తీయండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. హెచ్‌ఎక్స్‌డీ లాంటి ఉచిత హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని ఒక్కో బైటునూ 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ దాకా ఉండే హెక్స్ అంకెల్లో చూపేది) ఫైల్ తెరవండి. మొత్తం ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ అనో 00 00 అనో నిండి ఉంటే అది ఖాళీ ఫైల్. సెల్ ఎప్పుడో పోయి ఉండాలి, లేదా క్యాసెట్ సరిగా తగిలి ఉండదు. అలా లేకపోతే, ఇంగ్లీష్ పోకెమాన్ రెడ్, బ్లూ, ఎల్లో సేవ్‌లలో 2598 అనే హెక్స్ అడ్రస్‌కు వెళ్లండి. అక్కడ ఆటగాడి పేరు ఉంటుంది. ఈ గేమ్‌కు సొంత అక్షరమాల ఉంది. పెద్ద అక్షరాల్లో ఏ అంటే 80, బీ అంటే 81, అలా వరుసగా జెడ్ దాకా. పేరు అయిపోయిందని చెప్పడానికి 50 వస్తుంది. మీరు చిన్నప్పుడు ఇంగ్లీష్‌లో రవి అని పెట్టుకుని ఉంటే 91 80 95 88 50 అని వరుసగా కనిపించాలి. ఆర్ 91, ఏ 80, వీ 95, ఐ 88. హెక్స్ లెక్కలో 89 తర్వాత 8ఏ, 8బీ అని వెళ్తుందని గుర్తుంచుకుంటే మీ పేరును మీరే లెక్కేసుకోవచ్చు. పాతికేళ్ల కింద బటన్లు నొక్కి కొట్టిన పేరు ఆ అంకెల మధ్య కనబడితే కలిగే ఆనందం వేరు.

అదే గేమ్‌లో 3523 దగ్గర ఒక బైటు చెక్‌సమ్ ఉంది. 2598 నుంచి 3522 దాకా ఉన్న బైట్లన్నీ కూడి, బిట్లు తిరగేసి గేమ్ ఆ బైటు రాస్తుంది. ఆ లెక్క తప్పితే గేమ్ సేవ్ ఫైల్ నాశనమైందని చెప్పి తెరవదు. చేత్తో లెక్కేయక్కర్లేదు. గేమ్ తెరుచుకుంటే ఆ లెక్క సరిపోయినట్టే.

అందుకే చివరి పరీక్ష ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో గేమ్‌బాయ్‌లా పనిచేసే ప్రోగ్రాం. ఎంజీబీఏ గానీ సేమ్‌బాయ్ గానీ వేసుకోండి. గేమ్ ఫైల్, సేవ్ ఫైల్ రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో, చివరి ఎక్స్‌టెన్షన్ తప్ప ఒకే పేరుతో పెట్టండి. గేమ్ తెరిచి మీ ఫోన్‌లోని ఫొటోలతో పోల్చండి. పేరు, గంటలు, జట్టు సరిపోవాలి. ఒక జాగ్రత్త. ఎమ్యులేటర్ సేవ్ ఫైల్‌ను తెరవడమే కాదు, ఆడితే దాని మీద రాస్తుంది కూడా. కాబట్టి పరీక్షకు ఎప్పుడూ ఇంకో కాపీ వాడండి. అసలు ఫైల్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ టిక్ పెట్టేయండి.

పేరు పెట్టడం, దాచడం

సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేరు అలాగే వదిలేస్తే పదేళ్ల తర్వాత ఏది ఎవరిదో తెలియదు. గేమ్ పేరు, ఏ దేశం క్యాసెట్టో, ఎవరి ఆటో, కాపీ తీసిన తేదీ, ఇవన్నీ ఫైల్ పేరులోనే ఉండాలి. పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో ఏ రీడర్‌తో తీశారో, ఎస్‌హెచ్‌ఏ-256 వరుస, క్యాసెట్ ఎవరు ఎక్కడ కొన్నారో రాసి, ఫొటోలు కూడా అదే ఫోల్డర్‌లో వేయండి. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో లేదా హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంటి బయట అంటే క్లౌడ్‌లోనో వేరే ఊళ్లో ఉన్న అన్నయ్య దగ్గరో ఒకటి. 32 కేబీ ఫైల్‌కు చోటు సమస్యే కాదు. మెయిల్‌లో పంపుకున్నా సరిపోతుంది.

ఇప్పుడు సెల్ మార్చండి

కాపీలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి కాబట్టి ఇక క్యాసెట్ తెరవచ్చు. గేమ్‌బాయ్ క్యాసెట్ స్క్రూకు మామూలు స్క్రూడ్రైవర్ పనిచేయదు, 3.8 ఎంఎం గేమ్‌బిట్ అనేది కావాలి. అడ్వాన్స్ క్యాసెట్‌కు మూడు రెక్కల ట్రైవింగ్.

తెరిచాక మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి సెల్ రెండు వైపులా తాకించండి. 3 వోల్టుల దగ్గర చూపిస్తే ఇంకా కొంతకాలం వస్తుంది, మార్చకుండా మూసేసినా తప్పులేదు. 2.5కు దిగిందంటే మార్చాలి. సెల్ మీదే దాని నంబర్ ఉంటుంది. గోల్డ్, సిల్వర్, క్రిస్టల్‌లలో సీఆర్ 2025, అడ్వాన్స్ పోకెమాన్‌లలో సీఆర్ 1616. ఆ నంబర్‌లో మొదటి రెండు అంకెలు మిల్లీమీటర్లలో వెడల్పు, చివరి రెండు మందం. 2025 అంటే 20 ఎంఎం వెడల్పు, 2.5 ఎంఎం మందం. మందం ఎక్కువున్నది వేస్తే పెంకు సరిగా మూసుకోదు.

మామూలు దుకాణంలో దొరికే సెల్ కాకుండా, రెండు వైపులా రేకు పట్టీలు వెల్డ్ చేసి ఉన్నదే కొనండి. ఉత్త సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు. వేడికి అది ఉబ్బి పగిలిపోవచ్చు, కళ్లకు ప్రమాదం. టేపు పెట్టి అతికించడం కూడా వద్దు. క్యాసెట్ కింద పడగానే కాంటాక్ట్ తప్పుతుంది, సేవ్ పోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సోల్డరింగ్ సామానుకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్లు మొబైల్ రిపేర్ చేసే ఎవరినైనా అడగండి, వాళ్లకు ఇది చిన్న పని. మీరు పక్కనే ఉండండి.

తీసే ముందు ఫొటో తీసుకోండి. ప్లస్ ఎటు ఉందో బోర్డు మీద రాసి ఉంటుంది. ఒక్కో పట్టీని వేడిచేసి మెల్లగా లేపాలి, బలవంతంగా లాగితే బోర్డు మీది రాగి గీత కూడా ఊడొస్తుంది. కొత్తది అదే దిశలో పెట్టి అతికించాక ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. మళ్లీ రీడర్‌లో పెట్టి, ఈసారి "రీస్టోర్ సేవ్ డేటా" నొక్కి మీ ఫైల్ ఇవ్వండి. గడియారం కూడా రాయాలా అని అడిగితే రాయించండి. తర్వాత గేమ్‌బాయ్‌లో పెట్టి చూస్తే మీ ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. ఆఫ్ చేసి, క్యాసెట్ బయటికి తీసి, ఒక రాత్రంతా అలాగే ఉంచి పొద్దున మళ్లీ చూడండి. సేవ్ ఉంటే అతుకు గట్టిది. పోతే అతుకు సరిగా పడలేదు, మళ్లీ చేయించాలి. మీ దగ్గర కాపీ ఉంది కాబట్టి ఎన్నిసార్లైనా పర్వాలేదు.

క్యాసెట్ డూప్లికేట్ అయితే

మన దగ్గర అమ్ముడైన అడ్వాన్స్ పోకెమాన్‌లలో డూప్లికేట్లు చాలా. వాటిలో సేవ్ ఎక్కడ ఉంటుందో గేమ్‌ను చూసి చెప్పలేం. కొన్నింటిలో అసలులో లేని సెల్, ఎస్‌ర్యామ్ ఉంటాయి. ఇంకొన్నింటిలో సేవ్ గేమ్ చిప్పులోనే ఒక మూల రాసి ఉంటుంది. మామూలు పద్ధతిలో తీస్తే ఖాళీ ఫైల్ రావచ్చు. గేమ్ మొత్తాన్ని కూడా కాపీ తీసి ఉంచుకుంటే ఆ మూలన ఉన్న సేవ్ కూడా దాంతో వచ్చేస్తుంది. ఫ్లాష్‌జీబీఎక్స్‌లో బ్యాటరీలెస్ ఎస్‌ర్యామ్ అనే రకం కూడా ఉంది, అదీ ప్రయత్నించండి. డూప్లికేట్ కదా అని వదిలేయకండి, అందులో ఉన్న ఆట మీదే.

రీడర్ కొనకుండా

అడ్వాన్స్ క్యాసెట్లకు ఒక దారి ఉంది. పాత నింటెండో డీఎస్ లేదా డీఎస్ లైట్‌లో కింద అడ్వాన్స్ క్యాసెట్ పెట్టే స్లాటు ఉంటుంది. పైన ఒక ఫ్లాష్‌కార్డు (మైక్రోఎస్‌డీ కార్డులోని ప్రోగ్రాములు నడిపే క్యాసెట్) పెట్టి, అందులో జీబీఏ బ్యాకప్ టూల్ అనే ప్రోగ్రాం నడిపితే సేవ్ మైక్రోఎస్‌డీ కార్డులోకి వస్తుంది. డీఎస్ఐలో ఆ స్లాటు లేదు కాబట్టి కుదరదు. పాత గేమ్‌బాయ్, కలర్ క్యాసెట్లు డీఎస్‌లో పట్టవు, వాటికి రీడర్ తప్పదు. హోమ్‌బ్రూ (కంపెనీ కాకుండా బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములు) నడిచేలా చేసిన 3డీఎస్ ఉంటే చెక్‌పాయింట్ అనే ప్రోగ్రాంతో డీఎస్, 3డీఎస్ గేమ్‌ల సేవ్‌లు తీసుకోవచ్చు.

ప్లేస్టేషన్ (పీఎస్1, పీఎస్2) ఉన్నవాళ్లకు

తెలుగు ఇళ్లలో గేమ్‌బాయ్ కంటే పీఎస్2 ఎక్కువ కనిపిస్తుంది. హైదరాబాద్‌లో తయారైన హనుమాన్: బాయ్ వారియర్ కూడా 2009లో ఈ మెషీన్ మీదే వచ్చింది. ఇక్కడ సెల్ భయం లేదు, మెమరీ కార్డు ఫ్లాష్ చిప్పుతో పనిచేస్తుంది. కానీ కార్డు పోవడం, పాడవడం మామూలే. పేరులేని పెద్ద సైజు కార్డుల్లో ఉన్న ఆటను ముందు కాపాడండి, అవి నమ్మదగ్గవి కావు.

పీఎస్2లో ఫ్రీ ఎంసీ బూట్ (మెమరీ కార్డు నుంచే బయటి ప్రోగ్రాములు నడపనిచ్చేది) వేసిన కార్డు ఉంటే పని సులువు. 90000 సిరీస్‌లో చివరి మెషీన్లలో అది నడవదు, వాటికి అదే పని చేసే ఫార్చ్యూనా వాడతారు. ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి, యూలాంచ్‌ఎల్ఫ్ అనే ప్రోగ్రాం తెరిచి అందులోని ఫైల్ బ్రౌజర్‌లోకి వెళ్లండి. మొదటి స్లాటు కార్డు ఎంసీ0 అని, పెన్‌డ్రైవ్ మాస్ అని కనిపిస్తాయి. కార్డులో గేమ్ ఫోల్డర్ మీద ఆర్1 నొక్కి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి మళ్లీ ఆర్1 నొక్కి పీఎస్‌యూ పేస్ట్ ఎంచుకోండి. మామూలు పేస్ట్ కంటే ఇది మంచిది, ఫోల్డర్ వివరాలన్నీ ఒకే ఫైల్‌లో భద్రంగా వస్తాయి. పీఎస్2 యూఎస్‌బీ పాత రకం, వేగం తక్కువ, కాపీ అయ్యేదాకా పెన్‌డ్రైవ్ ముట్టుకోకండి.

పీఎస్1 కార్డు మొత్తం 128 కేబీ. అందులో 15 బ్లాకులు మనవి, ఒకటి పట్టికకు. ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో చేసుకునే మెమ్‌కార్డునో అనే చిన్న పరికరం, కంప్యూటర్‌లో మెమ్‌కార్డ్‌రెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే కార్డు మొత్తం 1,31,072 బైట్ల ఒక్క ఫైల్‌గా వచ్చేస్తుంది. ఆ ఫైల్‌ను మెమ్‌కార్డ్‌రెక్స్‌లో తెరిస్తే ప్రతి గేమ్ చిన్న బొమ్మతో సహా వరుసగా కనిపిస్తుంది. అక్కడ కూడా రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ-256 పోల్చి చూసుకున్నాకే కార్డును మళ్లీ డబ్బాలో పెట్టండి.